పసుపు నీళ్ళు తాగిన పనస కలం

పురోహితుడు కలం మూత తిప్పాడు. రాలేదు. ఉత్తరీయం భుజం మీదికి ఎగదోసుకుని, ఈసారి కలాన్ని కాస్త దూరంగా పట్టుకుని తిప్పాడు. అయినా రాలేదు.

పీట మీద లగ్నపత్రిక సిద్ధంగా ఉంది. నాలుగు మూలలకూ పసుపు పెట్టారు. మంచి ఘడియ ఇంకా పదకొండు నిమిషాలే ఉందని ఆయనే అంతకు ముందు అందరికీ వినపడేలా చెప్పాడు.

"ఇది ఎటు తిప్పాలి బాబూ?" అని నన్ను అడిగాడు.

"ఎడమకే పంతులు గారూ. అన్ని మూతల్లాగే."

"ఎడమకే కదా తిప్పుతున్నాను."

ఆ కలం చేసింది నేను. పనస చెక్కని లేతు మిషను మీద గుండ్రంగా తిప్పి, చెక్కలోనే మర కోసి, మూత బిగించింది నేనే. పెళ్ళికూతురి మేనమామని. చీపురుపల్లిలో, మేం అప్ప అని పిలిచే మా అక్క ఇంటి మేడ మీద, షామియానా కింద, రెండు వైపుల బంధువులూ కూర్చుని ఉన్నారు. అంతకు పది నిమిషాల ముందే నేను లేచి నిలబడి, ఇది కొన్న కలం కాదనీ, మూతకి ఇనుముగానీ ఇత్తడిగానీ వాడలేదనీ, చెక్కకి చెక్కే పట్టు అనీ చిన్న ప్రసంగం కూడా చేశాను. దినపత్రికలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. ప్రారంభోత్సవాల్లో రిబ్బను తెగని కత్తెరలు ఎన్నో చూశాను, వాటి గురించి రాశాను. ఆ కత్తెర తెచ్చినవాడికి ఎలా ఉంటుందో మాత్రం ఎప్పుడూ అడిగి రాయలేదు.

మా బావ, అంటే పెళ్ళికూతురి తండ్రి, చెయ్యి చాచాడు. "ఇలగివ్వండి పంతులు గారూ. మా బామ్మర్ది పనితనం నాకు తెలుసు."

పంచెకి చేతులు తుడుచుకుని తిప్పాడు. మెడ నరాలు తేలాయి. మూత కదల్లేదు.

"ఏటిరా ఇది, ఎల్డింగు సేసీసినావేటి?"

పెళ్ళికొడుకు తరఫువాళ్ళు నవ్వారు. పెళ్ళికొడుకు తండ్రిది నౌపడ. ఉప్పు మడుల్లో పెరిగిన మనిషి. ఆయన అరచేతులు చూస్తే తుప్పు పట్టిన గేటైనా దానంతటదే తెరుచుకుంటుందేమో అనిపిస్తుంది. ఆయన కండువా చుట్టి కలం పట్టుకున్నాడు. కిర్రుమని చప్పుడైంది. అందరం ముందుకు వంగాం. అది ఆయన కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీ కాలు.

"దీపం సెగకి కాసింత సూపించండి," అని ఆడవాళ్ళలోంచి ఒక గొంతు. "కొబ్బరి నూని ఎయ్యండి," అని ఇంకొకటి. ఒకాయన లేచి, తలుపుకీ గుమ్మానికీ మధ్య మూత ఇరికించి తిప్పుదామని కలం తీసుకుని బయల్దేరబోయాడు. నేను అడ్డం నిలబడ్డాను.

పెళ్ళికొడుకు తండ్రి కండువా విప్పుతూ నా వైపు చూశాడు. "బావగారూ, లోపల సిరా ఉన్నాదా? ఇంత కష్టపడి తెరిసినాక సిరా నేకపోతే మరీ నవ్వులాట."

"ఉంది," అన్నాను.

ఆలోచించకుండానే అన్నాను. ఆ మాట గురించి తరవాత చెబుతాను.

ఘడియ ఇంకా నాలుగు నిమిషాలు ఉందనగా మెట్ల మీద టెంటు హౌసు మనిషి కనిపించాడు. కుర్చీలు ముట్టినట్టు సంతకం కోసం పుస్తకం పట్టుకొచ్చాడు. ఆ పుస్తకానికి పురికొసతో కట్టిన బాల్ పెన్ను ఒకటి వేలాడుతోంది. పురోహితుడి చూపు దాని మీద పడింది.

"ఆ పెన్ను ఇటివ్వు నాయనా."

"ఇస్తాను గానీ తాడు తెంపకండి పంతులు గారూ. తెంపితే మా ఓనరు నన్ను కొలువులోంచి తెంపేస్తాడు. ఇప్పటికే పెన్నులన్నీ పెళ్ళిళ్ళలోనే పోనాయి."

తాడు జానెడుంది. అందుచేత పుస్తకాన్ని లగ్నపత్రిక పక్కనే పెట్టాల్సి వచ్చింది. పుస్తకం వదిలి వెళ్ళనన్నాడు కాబట్టి అతనూ పురోహితుడి పక్కనే చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పురోహితుడు ముందు నా కలాన్ని మూతతోనే కాగితానికి తాకించి, "శాస్త్రానికి దీంతోనే రాసినట్టు," అని, టెంటు హౌసు పెన్నుతో శ్రీకారం చుట్టాడు. ఇవాళ్టికీ ఆ రోజు తీసిన వీడియో పెడితే, రెండు కుటుంబాల మధ్యలో, అందరికంటే భక్తిగా కాగితం వైపు చూస్తున్న మనిషి అతనే. పెళ్ళికొడుకు వైపు వాళ్ళు చాలాకాలం అతన్ని నా తమ్ముడనుకున్నారు.

ఇక ఈ కలం గొడవ నాకెందుకు వచ్చిందో చెప్పాలి.

ఉద్యోగం అయిపోయాక విజయనగరంలో పొద్దున్నే నడకకి వెళ్ళేవాణ్ణి. రోడ్డు మీద ప్రతి గుంతా వార్తలాగే కనిపించేది. పొంగే మురికి కాలవ కనిపిస్తే ఆగి, పక్క ఇంటివాళ్ళని ఎన్నాళ్ళ నుంచి పొంగుతోందని అడిగేవాణ్ణి. వాళ్ళు ఆశగా చెప్పేవారు. రాయడానికి నాకు పేపరు లేదు. కొన్నాళ్ళకి నేను వస్తుంటే తలుపులు వేసుకోవడం మొదలుపెట్టారు. చేతులకి వేరే పని చూసుకోకపోతే లాభం లేదనిపించింది.

అప్పుడు గుర్తొచ్చాడు లేతు మేస్త్రి. ఆయన జూట్ మిల్లులో టర్నరుగా చేశాడు. మిల్లు మూతపడ్డాక ఇంటి వెనక రేకుల షెడ్డులో చెక్క లేతు పెట్టుకుని మంచం కోళ్ళు, కవ్వాలు, అప్పడాల కర్రలు తిప్పుతున్నాడు. చాలా ఏళ్ళ కిందట ఆయన మీద నేనొక చిన్న కథనం రాశాను. షెడ్డులోకి అడుగు పెట్టగానే గుర్తుపట్టాడు.

"నన్ను కార్పింటరని రాసినావు, నువ్వే కాదేటి?"

"పొరపాటైపోయింది మేస్త్రీ."

"కార్పింటరు సెక్క దగ్గిరికెల్తాడు. టర్నరు దగ్గిరికి సెక్కే తిరుక్కుంటూ వస్తాది. ఇంతే తేడా. ఈ ముక్క ఆవేళ నన్నడిగితే సెప్పీవోణ్ణి కదా." పీట నా వైపు తోసి, "కూకో. టీ తాగుతావా?" అన్నాడు.

కలాలు చేద్దామన్నది నేను. ఆయన ఒప్పుకున్నాడు. గుండ్రంగా తిప్పడం నెల రోజుల్లో వచ్చింది. తొలి రోజుల్లో ఒక మూత లేతు మీంచి లేచి వెళ్ళి ఆయన టీ గ్లాసులో పడింది. ఆయన దాన్ని వేలితో తీసి, దులిపి, నాకిచ్చి, టీ తాగేశాడు. అసలు కష్టం మర దగ్గర. మూత లోపల ఒక చుట్టు, కలం మెడ మీద ఒక చుట్టు, రెండూ ఒకదానిలో ఒకటి ఒదగాలి. ఇనుములో అయితే కోసిన మర కోసినట్టే ఉంటుంది. చెక్క పీచు గల వస్తువు. తొందరపడితే మర అంచులు అటుకుల్లా రాలిపోతాయి. మర కోసే పనిముట్లు మేస్త్రి మిల్లు నాటి బోల్టులు అరగదీసి సొంతంగా చేసుకున్నాడు. అవి ఎవరినీ ముట్టుకోనివ్వడు. నన్ను ముట్టుకోనిచ్చిన రోజు ఇంటికి స్వీట్లు పట్టుకెళ్ళాను.

ఆయన నేర్పిన పాఠం ఒకటే. మర కోసేటప్పుడు కాస్త వదులు ఉంచాలి.

"సెక్క వానాకాలం ఒళ్ళు సేస్తాది బాబూ. ఎండాకాలం సిక్కిపోతాది. నువ్వు బిగించీసినావనుకో, ఒళ్ళు సేసినప్పుడు అదెక్కడికెల్తాది?"

నాకు బిగువే ఇష్టం. మూత ఆఖరి చుట్టు తిరిగి ఆగినప్పుడు కలానికీ మూతకీ మధ్య గీత కూడా కనపడకపోతే ఆ తృప్తి వేరు. వార్తలో ఒక్క పేరా తగ్గించమంటే డెస్కులో వార్తలు దిద్దేవాళ్ళతో వారం రోజులు మాట్లాడని మనిషిని నేను. వెంట్రుకవాసి కొయ్యమంటే కోస్తానా?

ఆ రోజుల్లోనే మా మేనకోడలికి సంబంధం కుదిరింది. బళ్ళో టీచరు. ఫోన్ చేసి, "మావయ్యా, అందరి మావయ్యలూ స్టీలు సామాన్లు తెస్తారు. నాకొద్దు. నువ్వు సేసిన పెన్ను కావాల. లగ్నపత్రిక దాంతోనే రాయించాల. పెళ్ళి రిజిస్ట్రేషనుకి నా సంతకం కూడా దాంతోనే పెడతాను," అంది.

"పెడదువు గాని," అన్నాను.

చెక్క కూడా ఆ పిల్లే చెప్పింది. వాళ్ళ పెరట్లో పనస కొమ్మ ఒకటి గాలివానకి విరిగి పడింది. దాని నీడలోనే తను చదువుకునేదట. ఆ కొమ్మలోంచి ముక్క కోయించి షెడ్డుకి తెచ్చాను. మేస్త్రి దాన్ని బుగ్గకి ఆనించుకుని చూశాడు.

"సల్లగా ఉన్నాది. ఆరనేదు. రెండేళ్ళు పక్కనెట్టు."

"పెళ్ళి రెండేళ్ళు ఆగదు మేస్త్రీ."

"అలాగయితే వదులెక్కువెట్టు."

ఎక్కువ కాదు కదా, తక్కువ కూడా పెట్టలేదు. నాలుగు మూతలు పగిలాయి, అయిదోది కుదిరింది. పాళీ నా పాత కలంలోది, నేను విలేకరిగా చేరిన కొత్తలో వాడినది. పైన లక్క పట్టించి మెరుగు పెట్టాను. పనస చెక్క సహజంగానే పసుపు రంగు. ఎండలో పెడితే బంగారం ముక్కలా ఉంది. మేస్త్రి మూత తిప్పి చూసి, "శానా బిగువు. ఇంకొక్కసారి కోయి," అన్నాడు. నేను కలాన్ని జేబులో పెట్టేసుకున్నాను.

లగ్నపత్రిక రోజు తెల్లారి మొదటి రైలుకి చీపురుపల్లి చేరాను. అప్ప టీ ఇచ్చింది. సంచిలోంచి కలం, సిరా బుడ్డి తీసి బల్ల మీద పెట్టాను. రైల్లో కారుతుందని ముందుగా సిరా పొయ్యలేదు. అక్కడే పోద్దామని నా ఆలోచన. బుడ్డి మూత తీసినట్టు జ్ఞాపకం. ఆ తరవాత వంటవాళ్ళు వచ్చి గ్యాసు బండ ఎక్కడని అడిగారు, బావ స్నానాల గది లోంచి తువ్వాలు అడిగాడు, షామియానా వాళ్ళు మేడ తాళం అడిగారు. నేను తిరిగి వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. అప్ప అన్నీ దేవుడి గదిలో సర్దేసిందన్నారు. సిరా పోశానా? పోసి మూత పెట్టానా? వట్టి మూత పెట్టానా? నాకు తెలియదు. ఎప్పుడో పరాయి ఊళ్ళో జరిగిన సభలో మూడో వక్త ఏమన్నాడో చెప్పగలను గానీ, ఆ పొద్దున్న నా చేతులు ఏం చేశాయో చెప్పలేను.

లగ్నపత్రిక అయిపోయాక, భోజనాల దగ్గర, కలం మరీ పచ్చగా ఉందేమిటని అనుమానం వచ్చింది. జేబు రుమాలుతో తుడిచాను. రుమాలు పచ్చబడింది. వాసన చూశాను.

"అప్పా, దీనికేం చేశావ్?"

మా అప్ప వడ్డిస్తున్న గరిటె ఆపింది. "నానేటి సేసినాను? కొత్త వస్తువుకి పసుపు ముట్టించకుండా శుభకార్యంలో పెట్టీమంటావేటి? తానం సేసి, పసుపు ముద్ద రాసి, దేవుడి కాడ పసుపు నీళ్ళ సెంబులో నిలబెట్టినాను. పట్టుసీర కన్నా జాగ్రత్తగా సూసుకున్నాను."

"ఎంతసేపు?"

"నువ్వు టీ తాగిన కాణ్ణించి పంతులుగోరు అడిగీదాకా."

నాలుగు గంటలు.

"ఎటువైపు?"

"మూత కిందకెట్టినాను. పాళీ ఉన్న వైపు సరస్వతి కదా, ముందు దానికే తగలాల."

మా బావ విస్తరి మీంచి తలెత్తాడు. "ఒసే, పెన్నుకి మంగళస్నానం సేయించినావేటి?"

మర్నాడు కలం పట్టుకుని షెడ్డుకి వెళ్ళాను. మేస్త్రి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"దీన్ని కూరొండినారేటి బాబూ?"

జరిగింది చెప్పాను. ఆయన నవ్వలేదు, అదే బాధనిపించింది. కలాన్ని వెలుగుకి తిప్పి చూశాడు. పైన లక్క ఉంది కాబట్టి పైకి ఏమీ కాలేదు. లోపల మరకి లక్క లేదు. ఆరని చెక్క, జాగా లేని మర, నాలుగు గంటల నీళ్ళు. చుట్లన్నీ ఉబ్బి ఒకదాన్నొకటి పట్టేసుకున్నాయి. మూత అంచున పసుపు ముద్ద చేరి సున్నంలా గట్టిపడింది.

"తప్పెవరిది మేస్త్రీ?"

"పసుపుది అరపావలా. కొమ్మది పావలా. మిగిల్నాది నీదే."

"తెరవలేమా?"

"లేతుకెక్కించి మూత కాడ కోసీగలను. కొత్త మూత తిప్పి ఇస్తాను. సాయంత్రానికి రాస్తాది."

అప్పటికప్పుడే మేనకోడలికి ఫోన్ చేశాను. మూత కోయించనా అని అడిగాను. జవాబుగా వెనక నుంచి మా అప్ప గొంతు వినిపించింది. "లగ్నపత్రికకి తాకించిన కలాన్ని కోసీడమేటి! పెళ్ళవకుండా! మతుండే మాటాడతన్నాడా ఆడు?" ఫోన్ మా అప్ప చేతికి వెళ్ళింది. ఆ తరవాతి మాటలు రాయను. మేస్త్రికి కూడా వినిపించాయి. ఆయన మోటారు ఆపేసి, చెక్క పొట్టు ఊడవడం మొదలుపెట్టాడు.

కలాన్ని తిరిగి చీపురుపల్లి చేర్చాను. ఆరబెట్టడానికి మా అప్ప దాన్ని బియ్యం డబ్బాలో పెట్టింది. రోజూ వంటకి బియ్యం తీస్తూ తిప్పి చూసేది. మా బావ ఆఫీసుకి వెళ్తూ ఒకసారి, వచ్చాక ఒకసారి తిప్పేవాడు. పాలవాడు కూడా తిప్పాడని తెలిసింది. పెళ్ళి దగ్గరపడుతున్న కొద్దీ ఫోన్ మోగితే చాలు పరిగెత్తేవాణ్ణి. ఏ ఫోనూ మూత వచ్చిందన్న కబురు తేలేదు.

పెళ్ళికి ముందు రోజు మేనకోడలు నన్ను మేడ మీదికి పిలిచింది. కలం చేతిలో ఉంది.

"మావయ్యా, నిజం సెప్పు. సిరా పోసినావా?"

పెళ్ళికొడుకు తండ్రికి అందరి ఎదుటా 'ఉంది' అన్న మనిషిని. ఈ పిల్ల దగ్గర ఆ మాట నోటికి రాలేదు.

"గుర్తు లేదే తల్లీ."

చాలాసేపు నవ్వింది. "మా మామగారికి సెప్పకు. ఆయన అందరికీ సెప్తన్నాడు, ఆ కలంలో సిరా నిండుగా ఉన్నాది, బరువు సూస్తేనే తెలిసిపోతాదని."

పెళ్ళి బాగా జరిగింది. రిజిస్ట్రేషను ఆఫీసులో ఆ పిల్ల నా కలాన్ని ఎడమ చేతిలో పట్టుకుని, కుడి చేత్తో ఆఫీసు పెన్నుతో సంతకం పెట్టింది. ఆ పెన్నుకీ తాడుంది. అక్కడి గుమస్తా ఎడమ చేతిలో కలాన్ని చూసి, "అదెందుకమ్మా?" అన్నాడు. "అది మా మావయ్య సేసినాడండి," అంది. అతను రిజిస్టరు తన వైపు తిప్పుకుని ముద్ర వేశాడు. నేను కిటికీ లోంచి బయటికి చూశాను.

కలం కాపురానికి నౌపడ వెళ్ళింది. ఈ సంగతి చెబితే మేస్త్రి లేతు ఆపి నా మొహం చూశాడు.

"నౌపడా? ఆ ఉప్పుగాలికి ఆరేసిన తువ్వాలే ఆరదు. ఇక్కడికి పంపీమను. ఎండాకాలం ఈ రేకుల కింద నెల్లాళ్ళు పెడితే అదే వచ్చీస్తాది. బలం పెట్టక్కర్నేదు."

వేసవి రాగానే మేనకోడలికి ఫోన్ చేసి పంపించమన్నాను. కాసేపు నసిగి, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. ఆ కలం ఇప్పుడు వాళ్ళ అత్తగారి దేవుడి గదిలో ఉంది. లగ్నపత్రిక రాసిన కలం అంటే ఆవిడకి మహా గౌరవం. ప్రతి శుక్రవారం దాన్ని బయటికి తీసి, పసుపు నీళ్ళతో కడిగి, బొట్టు పెడుతుంది.

"వద్దని చెప్పవే!"

"నువ్వు సెప్పు మావయ్యా, మా అత్తగారికి. నంబరిస్తాను."

నంబరు తీసుకున్నాను. చెయ్యలేదు. వియ్యపురాలికి ఫోన్ చేసి, అమ్మా మీ భక్తి కొంచెం తగ్గించండి అని ఎలా అంటాను? మేస్త్రి దగ్గర ఇంకో కలం మొదలుపెట్టాను. ఎండిన టేకు, వదులు మర. మూత చిటికెన వేలితో వస్తుంది. మేనకోడలికి పంపిస్తానంటే వద్దంది. తనకి ఆ కలంతోనే రాయాలని ఉందట. ఆదివారాలు, అత్తగారు చూడకుండా, భార్యాభర్తలిద్దరూ ఆ మూత తిప్పి చూస్తారట.

మొన్న కూడా పెళ్ళికొడుకు తండ్రి ఫోన్ చేశాడు. కుశల ప్రశ్నలయ్యాక ఎప్పట్లాగే అడిగాడు.

"బావగారూ, సిరా ఉన్నాదంటారు కదా?"

"ఉంది బావగారూ," అన్నాను.

ఇది రాస్తున్న రోజుకి ఆ మూత రాలేదు. లోపల సిరా ఉందో లేదో నాకు తెలియదు.